పాత పైథాన్‌ను సాగనంపడానికి పదిహేనేళ్లు.. లైనక్స్‌లో అసలేం జరిగింది?

డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఉబుంటు వేసిన లాప్‌టాప్ ఇప్పుడు కొత్తేం కాదు. కోచింగ్‌లో చెప్పారనో, యూట్యూబ్‌లో చూశామనో పైథాన్ నేర్చుకోవడానికి కూర్చుంటారు. పాత వీడియోలో చూపించినట్టు ‘పైథాన్’ అని టైప్ చేస్తే, అలాంటి కమాండ్ దొరకలేదని కంప్యూటర్ జవాబిస్తుంది. ‘పైథాన్3’ అని కొడితే తెరుచుకుంటుంది. హమ్మయ్య అనుకుని ‘పిప్’తో ఒక లైబ్రరీ వేసుకోబోతే మళ్లీ అడ్డు. ఇక్కడి పైథాన్‌ను సిస్టం చూసుకుంటోంది, మీకు కావాల్సింది వేరే చోట వేసుకోండి అని ఓ పొడుగాటి సందేశం. సిస్టమే పాడైందనుకుని రిపేరు షాపుకు పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

పాడవలేదు. ఆ రెండు అడ్డంకులూ కావాలని పెట్టినవే. ఎందుకు పెట్టారో తెలియాలంటే 2008లో మొదలై 2023లో ముగిసిన ఒక పెద్ద మార్పు గురించి తెలుసుకోవాలి. పైథాన్ రెండో తరం పోయి మూడో తరం రావడం గురించి అన్నమాట. భాషను మార్చినవాళ్ల సంగతి చాలామంది రాశారు. ఆ మార్పును వేల ప్రోగ్రాముల్లోకి, ఒక్కటీ ఆగిపోకుండా దించాల్సి వచ్చిన లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల వాళ్ల సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

ఒకటే దేగ్

విండోస్‌లో ప్రోగ్రాములు తమకు కావాల్సిన సరంజామాలో చాలావరకు తామే మోసుకొస్తాయి. టిఫిన్ బాక్సులు తెచ్చుకున్నట్టు. లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ అలా కాదు. వలీమాలో ఒకటే దేగ్ పెట్టినట్టు, ఒక్క పైథాన్‌ను ఉంచి అందరికీ అందులోంచే వడ్డిస్తుంది. సాఫ్ట్‌వేర్ వేసే పనిముట్లు, ప్రింటర్ సెట్టింగులు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని భాగాలు, ఫొటోలు సరిదిద్దే ప్రోగ్రాముల ప్లగిన్లు, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. లాభం తెలిసిందే. చోటు కలిసొస్తుంది, భద్రతా లోపం బయటపడితే ఒక్క చోట సరిచేస్తే అందరికీ సరి అవుతుంది. నష్టమూ అక్కడే ఉంది. దేగ్‌లో ఉప్పు మారితే ఒక్కరి కంచంలో మారదు, దావత్ మొత్తానికీ మారుతుంది.

ఇలాంటి డిస్ట్రిబ్యూషన్లలో పెద్దది, పాతది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా వలంటీర్లే నడుపుతున్నారు. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. 2004లో మొదలైన ఉబుంటు తన సరుకులో చాలా భాగం డెబియన్ నుంచే తెచ్చుకుంటుంది. మన దేశంలో సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. కాబట్టి డెబియన్ తీసుకున్న నిర్ణయం కొన్ని నెలలకో ఏడాదికో హైదరాబాద్‌లో, కర్నూలులో ఉన్న లాప్‌టాప్‌ల దాకా వస్తుంది.

మార్చింది ఏమిటి?

గీడో వాన్ రాసమ్ సృష్టించిన పైథాన్‌కు 2008 డిసెంబర్ 3న 3.0 వెర్షన్ వచ్చింది. పాత ప్రోగ్రాములు ఇందులో ఉన్నవి ఉన్నట్టుగా నడవవని తయారుచేసినవాళ్లు ముందే చెప్పేశారు. పాత తప్పులు సరిదిద్దాలంటే పాతదానితో పొత్తు తెంచుకోక తప్పదన్నది వాళ్ల వాదన.

కొన్ని మార్పులు చిన్నవి. తెర మీద ఏదైనా చూపించే ‘ప్రింట్’ మాటకు కుండలీకరణాలు తప్పనిసరి అయ్యాయి. కొన్ని కంటికి కనబడవు గానీ లెక్కనే మార్చేస్తాయి. పాత పైథాన్‌లో 7ను 2తో భాగిస్తే 3 వచ్చేది, కొత్తదానిలో 3.5 వస్తుంది. దుకాణంలో నూటికి 5 చొప్పున తగ్గింపు లెక్క వేసేవాళ్లు ‘5/100’ అని రాసుకున్నారనుకోండి. పాతదానిలో దాని జవాబు సున్నా! తగ్గింపే ఉండదు. పూర్ణ సంఖ్యను పూర్ణ సంఖ్యతో భాగిస్తే పూర్ణ సంఖ్యే రావాలన్నది పాత రూలు. ఆ రూలును నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు కొత్త పైథాన్‌లో ఎర్రర్ చూపించవు, చప్పుడు చేయకుండా వేరే అంకె ఇస్తాయి. ఖాతాలు రాసేవాళ్లకు తెలుసు, మొరాయించే తప్పు కన్నా నోరు మూసుకుని ఉండే తప్పే ప్రమాదం.

అన్నింటికన్నా పెద్ద మార్పు అక్షరాలకు సంబంధించినది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే ఇళ్లకు ఇది మరింత దగ్గరి విషయం. కంప్యూటర్ లోపల అక్షరాలు బైట్లుగా ఉంటాయి. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఉర్దూ అక్షరానికి రెండు కావాలి, తెలుగు అక్షరానికి మూడు. పాత పైథాన్ మామూలుగా బైట్లనే అక్షరాలనుకునేది. సలాం అనే మాటను ఉర్దూలో సీన్, లామ్, అలిఫ్, మీమ్ అని నాలుగు హర్ఫ్‌లతో రాస్తాం. పొడవెంత అని అడిగితే పాత పైథాన్ 8 అనేది. అదే మాట తెలుగులో రాస్తే 12 అనేది! కొత్త పైథాన్ రెంటికీ 4 అంటుంది. తెలుగులో మన కంటికి కనిపించేవి రెండే అక్షరాలు కదా అని అడగొచ్చు. ‘స’, ‘ల’, దీర్ఘం, సున్నా ఇలా యూనికోడ్ విడివిడిగా లెక్కిస్తుంది, అది వేరే చర్చ.

పొడవు తప్పుగా చెబితే ఏమవుతుందంటారా? వార్త శీర్షికలో మొదటి పది అక్షరాలే చూపించు అని ప్రోగ్రాం రాస్తే, పాత పైథాన్ పది బైట్ల దగ్గర కోసేది. నాలుగో తెలుగు అక్షరం మూడింట ఒక వంతు దగ్గర తెగిపోయి, చివర ప్రశ్నార్థకమో ఖాళీ డబ్బానో పడేది. ఇంగ్లీషులో మాత్రమే పనిచేసేవాళ్లకు ఈ బాధ ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. పాత పైథాన్‌లో యూనికోడ్‌కు వేరే రకం లేకపోలేదు. కానీ ఆ రెండు రకాలూ కలగాపులగం అయిపోయి, ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినప్పుడు బాగా నడిచిన ప్రోగ్రాం, ఉర్దూ పేరున్న కస్టమర్ రాగానే కుప్పకూలేది. పైథాన్ 3 బైట్లను, అక్షరాలను గట్టిగా విడదీసింది. ఇన్ని తిప్పలు పడి భాషను మార్చడం అవసరమా అని అప్పట్లో అడిగినవాళ్లు చాలామంది. మన లిపుల వైపు నుంచి చూస్తే అవసరమే.

గడువు పెట్టారు, పొడిగించారు

మార్పు మంచిదే అయినా జనం కదలలేదు. కారణం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ప్రోగ్రాం పది లైబ్రరీల మీద నిలబడి ఉంటే, ఆ పదీ కొత్త పైథాన్‌కు మారాకే అది మారగలదు. లైబ్రరీ రాసేవాళ్లేమో, వాడేవాళ్లంతా పాతదానిలోనే ఉన్నారు కదా, మాకేం తొందర అనుకున్నారు. మీరు ముందంటే మీరు ముందని కొన్నేళ్లు గడిచిపోయాయి.

పాత వరుసలో చివరిదైన 2.7 వెర్షన్ 2010 జూలైలో వచ్చింది. 2.8 ఎప్పటికీ రాదని చెప్పడానికే ఒక అధికారిక పత్రం రాశారు. పైథాన్‌లో ఇలాంటి పత్రాలను పెప్ అంటారు, దీని నంబరు 404. వెబ్‌లో పేజీ దొరకనప్పుడు కనిపించే నంబరే అది, ఎంచుకున్నవాళ్ల హాస్యం ఇంటర్నెట్ వాడేవాళ్లకు అర్థమవుతుంది. 2.7కు మద్దతు 2015తో ఆపేస్తామన్నారు. గడువు దగ్గరపడుతున్నా పని తెమలక 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. చివరికి 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ఆఖరి విడుదల 2.7.18 అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది.

మధ్యలో దారి సుగమం చేసిన పని ఒకటుంది. మొదట్లో, పాత కోడ్‌ను ఒక పనిముట్టుతో కొత్తదానిలోకి మార్చేసి పాతదాన్ని వదిలేయండి అన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. పాత కస్టమర్లను ఒక్క రోజులో వదిలేసే వ్యాపారి ఉంటాడా? తర్వాత రూటు మార్చారు. ఒకే కోడ్ రెండింటిలోనూ నడిచేలా రాసుకునే వీలు కల్పించారు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్, అంతకుముందు తీసేసిన ఒక పాత రాతను మళ్లీ అనుమతించింది. ‘సిక్స్’ అనే చిన్న లైబ్రరీ రెంటి మధ్య తేడాలను కప్పిపుచ్చింది. రెండు మూళ్లు ఆరు, అందుకే ఆ పేరు. వలస వేగం అందుకుంది ఆ తర్వాతే.

పేరు ఎవరిది?

ఇప్పుడు డిస్ట్రిబ్యూషన్ల వైపు రండి. వాళ్ల ముందున్న మొదటి ప్రశ్న చాలా మామూలుగా కనిపిస్తుంది. ‘పైథాన్’ అని పిలిస్తే ఎవరు పలకాలి? పాతదా, కొత్తదా?

ఆర్చ్ లైనక్స్ వాళ్లు 2010 అక్టోబర్‌లోనే తెగించారు. ఇకపై ‘పైథాన్’ అంటే పైథాన్ 3 అని మార్చేశారు. మొదటి వరుసలో ‘పైథాన్’ అని రాసుకున్న పాత స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా కొత్తవాడి చేతిలో పడ్డాయి, ఆగిపోయాయి. మిగతా డిస్ట్రిబ్యూషన్లలో అదే పేరుకు పాతది పలుకుతోంది. ఒకే స్క్రిప్టు ఒకచోట నడుస్తుంది, ఇంకోచోట నడవదు. ఈ గందరగోళం చూసి 2011లో పెప్ 394 రాశారు. ప్రస్తుతానికి ‘పైథాన్’ అంటే రెండో తరమే, కొత్తది కావాలంటే ‘పైథాన్3’ అని విడిగా పిలవండి అని అందులో సిఫార్సు చేశారు.

డెబియన్ ముందునుంచీ రెండు వేర్వేరు ఖాతాలు తెరిచినట్టు నడిచింది. పాత పైథాన్ లైబ్రరీల ప్యాకేజీ పేర్లు ‘పైథాన్’తో, కొత్తవాటి పేర్లు ‘పైథాన్3’తో మొదలయ్యేవి. ఒకే లైబ్రరీ రెండు ప్యాకేజీలుగా, వేర్వేరు ఫోల్డర్లలో పక్కపక్కనే ఉండగలిగేది. పని రెట్టింపే. కానీ ఏ ప్రోగ్రాం ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారొచ్చు. ఒకే రాత్రి అందరూ మారాల్సిన పని లేదు. మొత్తం వ్యవహారంలో తెలివైన నిర్ణయం ఏదంటే ఇదే అనాలి.

మద్దతు ముగిశాక ఆ పేరును ఏం చేయాలన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. ఫెడోరా 2019లో వచ్చిన 31వ వెర్షన్ నుంచి ‘పైథాన్’ను పైథాన్ 3కి ఇచ్చేసింది. అదే ఏడాది వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8, వ్యాపార సంస్థల సర్వర్లలో ఉండేది కాబట్టి, నంబరు లేని ‘పైథాన్’ పేరును ఎవరికీ ఇవ్వలేదు. అడ్మినిస్ట్రేటర్ తనే నిర్ణయించుకోవాలి. డెబియన్ 11, ఉబుంటు 20.04 కూడా ఈ ఖాళీ కుర్చీ పద్ధతే పాటించాయి. కావాలంటే ‘పైథాన్ ఈజ్ పైథాన్3’ అనే పేరుతో ఒక చిన్న ప్యాకేజీ ఉంది, వేసుకుంటే ఆ పేరు కొత్తదానికి కట్టబడుతుంది. వేసుకోకపోతే, ఆ కమాండ్ లేదు అన్న జవాబే వస్తుంది. పిల్లలకు ఎదురయ్యే మొదటి అడ్డంకి ఇదే. చికాకుగానే ఉంటుంది. కానీ పాత లెక్కల స్క్రిప్టు కొత్త పైథాన్‌లో పడి 3కు బదులు 3.5 ఇవ్వడం కన్నా, అసలు నడవకుండా ఆగిపోవడం నయం.

పై అంతస్తు నుంచి ఖాళీ చేయడం

2019 జూలైలో డెబియన్ 10 వచ్చింది. అందులో రెండు పైథాన్లూ ఉన్నాయి. ఆ వెంటనే తర్వాతి విడుదలలో పాతదాన్ని వదిలించుకోవాలన్న పని మొదలైంది. పాత పైథాన్ మీద ఆధారపడిన ప్రతి ప్యాకేజీ మీదా బగ్ నమోదు చేశారు. డెబియన్‌లో, ఉబుంటులో ఏళ్లుగా పైథాన్‌ను చూసుకుంటున్న మథియాస్ క్లోజ్ ఈ పని నడిపించాడు. బగ్గులు వేలల్లో ఉన్నాయి. ప్యాకేజీ చూసుకునే వలంటీర్లకు ఒక విధంగా ఇది ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసే.

అయితే ఎవరు ముందు ఖాళీ చేయాలి? నాలుగంతస్తుల భవనం కూల్చాలంటే కింది గోడ ముందు తీయం. ఇక్కడా అంతే. ఒక లైబ్రరీని ఇంకో ఐదు ప్యాకేజీలు వాడుతుంటే దాన్ని తీసేస్తే ఆ ఐదూ కూలతాయి. కాబట్టి తమ మీద ఎవరూ ఆధారపడని ప్రోగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. అవి మారాక వాటి కింద ఉన్న లైబ్రరీ పాత భాగం ఎవరికీ అక్కర్లేదు, తీసేయొచ్చు. ఆ తర్వాత దాని కిందది. ఇలా పొర వెంట పొర.

ప్రతి ప్యాకేజీకీ మూడు గతుల్లో ఒకటి పట్టింది. అసలు రచయిత ఇంకా పనిచేస్తుంటే కొత్త వెర్షన్‌తో సులువుగా మారిపోయింది. రచయిత ఎప్పుడో వదిలేసిన ప్రోగ్రాం అయితే, దాని మీద మమకారం ఉన్న వలంటీర్ ఎవరో కూర్చుని తనే మార్చాడు. ఎవరూ ముందుకు రాకపోతే డిస్ట్రిబ్యూషన్ నుంచి తీసేశారు. బాగా నడుస్తున్న ప్రోగ్రాంను, పట్టించుకునే మనిషి లేడన్న కారణంతో తీసేయడం వాడేవాళ్లకు అన్యాయంగా అనిపిస్తుంది. కానీ లోపం బయటపడితే సరిచేసే నాథుడు లేని పైథాన్ 2ను అందరి కంప్యూటర్లలో ఉంచడం అంతకన్నా అన్యాయం.

ఈ-పుస్తకాలు సర్దుకునే కాలిబర్ సంగతి చెప్పుకోవాలి. దాన్ని రాసింది భారతీయుడైన కోవిద్ గోయల్. పెద్ద ప్రోగ్రాం, లక్షల లైన్ల కోడ్, చుట్టూ వేరేవాళ్లు రాసిన ప్లగిన్లు. పైథాన్ 2లోనే ఉంటానని ఆయన చాలాకాలం పట్టుబట్టాడు. చివరికి 2020 సెప్టెంబర్‌లో వచ్చిన కాలిబర్ 5.0 పైథాన్ 3కి మారింది. మారని ప్లగిన్లు ఆ రోజుతో ఆగిపోయాయి. మార్పు ఖర్చు అసలు రచయితతో ఆగదు, దాని చుట్టూ ఉన్న చిన్నవాళ్ల దాకా పోతుంది.

అంత చేసినా 2021 ఆగస్టులో వచ్చిన డెబియన్ 11లో పైథాన్ 2.7 పూర్తిగా పోలేదు. క్రోమియం బ్రౌజర్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌ను నిర్మించే పనిముట్లకు అదింకా కావాల్సి వచ్చింది. అందుకే, ఇది ప్యాకేజీలు కట్టుకోవడానికే, ప్రోగ్రాములు నడపడానికి కాదు అని చెప్పి ఉంచారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అదీ లేదు.

ప్రతి ఏటా ఒక చిన్న ఈడ్పు

ఒక్క పెద్ద మార్పుతో కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. 2020లో వచ్చిన 3.9 నుంచి పైథాన్ ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ విడుదల చేస్తోంది. ఒక్కోదానికి అయిదేళ్ల మద్దతు. 3.11 నుంచి 3.12కు, 3.12 నుంచి 3.13కు వెళ్లడం 2 నుంచి 3కు వెళ్లినంత కష్టం కాదు గానీ, డిస్ట్రిబ్యూషన్‌కు ప్రతిసారీ నెలల పని.

ఎందుకంటే పైథాన్ లైబ్రరీల్లో రెండు రకాలున్నాయి. కొన్ని పూర్తిగా పైథాన్‌లోనే రాసినవి. ఎక్కువ వేగం కావాల్సినవి, లెక్కలు చేసేవి, బొమ్మలు గీసేవి సీ లాంటి భాషలో రాసి యంత్ర భాషలోకి మార్చి పెడతారు. ఈ రెండో రకానివి ఏ వెర్షన్ కోసం కట్టారో సాధారణంగా ఆ వెర్షన్‌తోనే పనిచేస్తాయి. ఒక తాళానికి చేసిన చెవి ఇంకో తాళానికి పట్టనట్టు.

డెబియన్ పద్ధతి ఇలా ఉంటుంది. కొత్త వెర్షన్‌ను ముందు పాతదాని పక్కన చేరుస్తారు. ఇంట్లో పెత్తనం ఇంకా పాతదానిదే, కొత్తది అతిథి మాత్రమే. యంత్ర భాషలో ఉన్న లైబ్రరీలన్నిటినీ రెండు వెర్షన్లకూ మళ్లీ కడతారు. కోడ్‌లో అక్షరం మారదు, కట్టడం మాత్రం మళ్లీ. ఒక లైబ్రరీ ఇంకోదాని మీద ఉంటుంది కాబట్టి దీనికీ వరుస ఉంది, ఈసారి కింది నుంచి పైకి. కట్టడంలో విఫలమైనవాటి మీద బగ్గులు పడతాయి. అవి ఒక స్థాయికి తగ్గాక ‘పైథాన్3’ అనే పేరును కొత్తదానికి అప్పగిస్తారు. కొన్నాళ్లకు పాతదాన్ని తీసేసి, అందరినీ ఇంకోసారి కడతారు. ఈ తతంగమంతా ‘అన్‌స్టేబుల్’ అనే ప్రయోగ విభాగంలో మొదలవుతుంది. పరీక్షలు నెగ్గిన ప్యాకేజీలే అక్కడి నుంచి ‘టెస్టింగ్’ విభాగంలోకి వెళతాయి. ఒకదానితో ఒకటి ముడిపడ్డవన్నీ కలిసి వెళ్లాలి, లేదా కలిసి ఆగాలి. మామూలు జనం వాడే ‘స్టేబుల్’ దాకా ఈ రచ్చ రానే రాదు.

రెండు వెర్షన్లు ఒకే ఇంట్లో ఉండడానికి పైథాన్‌లోనే ఒక సౌకర్యం కల్పించారు. అప్పట్లో ఉబుంటు, డెబియన్‌ల కోసం పనిచేస్తున్న బ్యారీ వార్సా రాసిన రెండు పెప్‌లు, 3147, 3149, 2011లో వచ్చిన పైథాన్ 3.2లో చేరాయి. వాటి ప్రకారం లైబ్రరీ ఫైలు పేరులోనే ఏ వెర్షన్ కోసమో రాసి ఉంటుంది. దాంతో ఒకే ఫోల్డర్‌లో రెండు వెర్షన్ల ఫైళ్లు తగవు లేకుండా ఉంటాయి. గుజాన్ మీద నంబరు రాసిపెట్టిన తాళంచెవుల గుత్తి లాంటిది. పైకి చిన్న పని, అది లేకుంటే ఏటా జరిగే మార్పు ఇంకా యాతనయ్యేది.

చిన్న వెర్షన్లు కూడా గట్టిగానే కొట్టిన సందర్భాలున్నాయి. 2018లో వచ్చిన 3.7లో ‘ఎసింక్’ అనే మాటను భాష తనకే సొంతమని రిజర్వు చేసుకుంది. సెలరీ అనే ప్రసిద్ధ లైబ్రరీలో ఒక ఫైలు పేరే అది. ఫైలు పేరు మార్చుకునేదాకా సెలరీ కొత్త పైథాన్‌లో నడవలేదు. 2023లో వచ్చిన 3.12లో, ప్యాకేజీలు కట్టడానికి దశాబ్దాలుగా వాడుతున్న ‘డిస్ట్‌యూటిల్స్’ను తీసేశారు. 3.13లో సీజీఐ, టెల్‌నెట్ లాంటి పాత మాడ్యూళ్లు వెళ్లిపోయాయి. తీసేస్తామని ఏళ్ల ముందే హెచ్చరించారు, నిజమే. కానీ హెచ్చరిక చదివేదెవరు?

దీనికి తోడు కాలంతో పందెం. పైథాన్ 3.11 వచ్చింది 2022 అక్టోబర్ చివర్లో. డెబియన్ 12కు కొత్త మార్పులు ఆపేసే గడువు 2023 జనవరి. చేతిలో మూడు నెలలు కూడా లేవు. 3.10తోనే వెళితే నిశ్చింత, కానీ దాని మద్దతు ఏడాది ముందే అయిపోతుంది. 3.11 తీసుకుంటే మద్దతు 2027 అక్టోబర్ దాకా ఉంటుంది, విడుదల మాత్రం చిక్కుల్లో పడొచ్చు. వాదోపవాదాల తర్వాత 3.11నే తీసుకున్నారు, పని పూర్తి చేశారు. అయినా డెబియన్ 12 దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది. అంటే చివరి ఎనిమిది నెలలు పైథాన్ వాళ్లు చేయని మరమ్మతులు డెబియన్ వాళ్లే చేసుకోవాలి. ఎంత లెక్క వేసినా రెండు గడువులు సరిగ్గా ఒకే రోజున కలవవు.

లాప్‌టాప్‌లో చేయకూడనిది

ఇదంతా తెలిశాక రెండో అడ్డంకి, అంటే పిప్ ఇచ్చే జవాబు, దానంతటదే అర్థమవుతుంది. సిస్టం పైథాన్ మీద వందల ప్యాకేజీలు ఒక లెక్క ప్రకారం నిలబడి ఉన్నాయి. పిప్‌తో ఒక కొత్త లైబ్రరీ దించితే, అది సిస్టం వాడుతున్న లైబ్రరీని పక్కకు నెట్టేయొచ్చు. ఇవాళ ఏమీ తెలియదు, రెండు నెలల తర్వాత అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. అందుకే పెప్ 668 ప్రకారం ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి సిస్టం పైథాన్‌లో పిప్ వేలు పెట్టకుండా ఆపేశారు. దీన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఉంది. దాని పేరుకు అర్థమే ‘సిస్టం ప్యాకేజీలను పగలగొట్టు’. అంత స్పష్టంగా చెప్పాక కూడా వీడియోలు చూసి దాన్నే వాడేవాళ్లున్నారు!

ఇంకో అలవాటు ఇంతకన్నా చేటు. కొత్త పైథాన్ వేసుకుని, ‘పైథాన్3’ అనే సిస్టం పేరును దానివైపు తిప్పేయడం. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే పనిముట్లలో కొన్ని ‘ఆప్ట్’ తాలూకు ఒక యంత్ర భాష లైబ్రరీని వాడతాయి. దాన్ని కట్టింది సిస్టంతో వచ్చిన వెర్షన్ కోసం. పేరు తిప్పగానే ఆ లైబ్రరీ కనబడడం లేదని ఎర్రర్లు మొదలవుతాయి. కొన్ని ఉబుంటు వెర్షన్లలో టెర్మినల్ కూడా తెరుచుకోదు, ఎందుకంటే దాన్ని తెరిచేది కూడా పైథాన్ స్క్రిప్టే. తాళంచెవి గది లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది. సెంట్‌ఓఎస్ 6 రోజుల్లో సర్వర్ పైథాన్ మార్చి, సాఫ్ట్‌వేర్ వేసే ‘యమ్’నే పోగొట్టుకున్న అడ్మినిస్ట్రేటర్లకు ఈ బాధ బాగా తెలుసు.

సరైన దారి వేరే గది కట్టుకోవడం. దాన్ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు, ముద్దుగా ‘వెన్వ్’. ఉబుంటులో ముందుగా ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీ వేసుకుని, ఒక ఫోల్డర్ పేరు ఇచ్చి దాన్ని సృష్టించుకోవాలి. ఆ ఫోల్డర్‌ను యాక్టివేట్ చేశాక పిప్ మామూలుగా పనిచేస్తుంది, ఏ అడ్డూ ఉండదు. అందులో ‘పైథాన్’ అని నంబరు లేకుండా పిలిచినా పలుకుతుంది. ఎన్ని ప్రాజెక్టులుంటే అన్ని గదులు. ఒకటి చెడితే ఆ ఫోల్డర్ చెరిపేసి మళ్లీ కట్టుకోవచ్చు, సిస్టంకు ఏమీ కాదు.

ఇంట్లో లాప్‌టాప్‌లో ఇంకా ఉబుంటు 20.04 ఉంటే ఒకసారి చూసుకోవాలి. అందులో ఉన్న పైథాన్ 3.8కు పైథాన్ వైపు మద్దతు 2024 అక్టోబర్‌లో ఆగింది, 20.04కు మామూలు మద్దతు 2025 మేలో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లు ఉబుంటు ప్రో అనే పథకంలో అయిదు మెషీన్ల వరకు ఉచితంగా నమోదు చేసుకుంటే భద్రతా మరమ్మతులు ఇంకొన్నేళ్లు అందుతాయి. లేదంటే 22.04కు, అక్కడి నుంచి 24.04కు వెళ్లొచ్చు. మొదటిదానిలో పైథాన్ 3.10, రెండోదానిలో 3.12 వస్తుంది. అలా మారినప్పుడు పాత వెన్వ్ గదులు పనిచేయవు, వాటి పునాది అయిన పాత పైథాన్ ఉండదు కాబట్టి. అప్‌గ్రేడ్‌కు ముందే ఒక్కో గదిలో ‘పిప్ ఫ్రీజ్’ కొట్టి, వచ్చిన లైబ్రరీల జాబితాను ఫైలులో దాచుకుంటే, కొత్త గది కట్టాక అదే జాబితాతో అన్నీ మళ్లీ దించుకోవచ్చు.